మహబూబ్ అలీ మాస్టర్ కత్తెర

మా గల్లీల ఎవరికి ఏ రోగమొచ్చినా ముందు నాకు చెప్పి, తర్వాతనే దవాఖానకు పోతరు. నాకు పిండిగిర్ని ఉన్నది. గిర్ని కాడ డబ్బాలు లైన్ల పెట్టి నిలబడ్డోళ్ళు నోరు మూసుకొని ఉండరు కద. ఎవరి షుగరు ఎంత, ఎవరి కోడలు ఎందుకు అలిగింది, అన్నీ పిండితోపాటే నా చెవిల పడ్తయి. పడకపోతే నేనే అడుగుత. గసుంటి నేను, గోడవతల ఇరవై ఆరేండ్ల సంది ఉంటున్న మనిషిని అడగాల్సిన ఒక్క మాట అడగలే. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికి నా మీద నాకే కోపమొస్తది.

ఆ మనిషి పేరు మహబూబ్ అలీ. టైలర్. అందరు మాస్టర్ అంటరు. భద్రాచలంల ఆయనకు దుకాణం లేదు. వారంల ఐదు రోజులు ఐదు సంతలు తిరిగెటోడు. మిషిను తలకాయ ఇప్పి గోనెసంచిల చుట్టుకొని, జీపు మీద ఏసుకొని, ఒకనాడు దుమ్ముగూడెం దిక్కు, ఒకనాడు చర్ల దిక్కు పోయెటోడు. అడివి ఊర్లోళ్ళు పొద్దుగాల్నే సంతకు దిగుతరు. గుడ్డ కొని మాస్టర్ చేతిల పెట్టి, ఉప్పు, ఎండుచాపలు కొనుక్కోను పోతరు. వాళ్ళు తిరిగొచ్చేటాల్లకు రవికె తయారుండాలె. రేపు రాండ్రి అంటే కుదరదు, వాళ్ళకు రేపంటే మళ్ళ వారమే. అందుకే పొద్దున తొమ్మిదికి స్టూలు మీద కూసున్న మనిషి ఐదు దాక లేచెటోడు కాదు. మిషిను మీదనే రొట్టె తినెటోడు.

టేపు మెడల ఏలాడుతుండేది గని, దానితోని కొలవంగ నేనెన్నడు చూడలే. మనిషిని భుజం కాడికెళ్ళి నడుం దాక ఒక్కసారి చూసెటోడు, సబ్బుముక్కతోని గుడ్డ మీద గీసెటోడు, కత్తెర ఏసెటోడు, అంతే. నిరుటి కొలత ఈయేడు కూడ యాదికుండేది. చర్ల అవతలి ఊరి నుంచి భీమక్క అని ఒకామె వస్తది, పాతికేండ్ల గిరాకి. ఆమెను చూసి, "ఏంది భీమక్కా, రెండు వేళ్ళు లావెక్కినవ్, సీతాఫలాలు మస్తు తిన్నవా?" అనెటోడట. "నా నడుం సంగతి నీకెందుకు మాస్టరూ, చేతులు బిగుతు కుట్టినవంటె నీ మిషిను గోదాట్ల ఏస్త" అని ఆమె తిట్టేదట. ఈ ముచ్చట్లన్ని పొద్దూకినంక గోడ మీదికెళ్ళి నాకు చెప్పెటోడు.

ఆయన పెండ్లాం బేగం. ఇంట్ల కూసుని కాజాలు తీసుడు, గుండీలు కుట్టుడు, అంచులు మడిచి చేతికుట్టు ఏసుడు ఆమె పని. ముప్పై ఏండ్ల కాపురంల కత్తెర మటుకు ముట్టనియ్యలే. "ఇంకొకళ్ళ చెయ్యి పడితే కత్తెర నడక మారుతది" అనెటోడు. ఆ కత్తెర మీద ఈగ వాలినా ఊకోకపోయెటోడు.

రెండువేల ఏడు వానకాలం. పొద్దున నమాజుకు లేచి, కాళ్ళుచేతులు కడుక్కుంట వజూ చేస్తుంటే ఎడమచేతిల చెంబు జారి పడ్డది. వంగి తీయబోతే ఎడమకాలు కూడ వశంల లేదు. బేగం కేకేస్తే నేనే ఉరికిన, ఆటో పిలిచిన, దవాఖానల పడేసినం. ఐదు రోజులకు ఇంటికి పంపిండ్రు. "పక్షవాతమే గని చాల చిన్నది. కుడిచెయ్యికి ఏం కాలేదు, మాట పోలేదు. నెల, నెలన్నరల పని చేసుకుంటడు" అన్నడు డాక్టరు. నేను గల్లీ మొత్తం చెప్పొచ్చిన, మాస్టర్‌కు గండం తప్పింది, పండుగ బట్టలు ఆయనే కుడతడని.

అదే వారంల మా గల్లీ మూల మీది సీతయ్యకు కూడ వచ్చింది. సీతయ్య లారీ డ్రైవర్. ఆయనకొచ్చింది పెద్దది. మూతి వంకరపోయింది, కుడిపక్క మొత్తం పడిపోయింది, నోట్లకెళ్ళి ఒక్క మాట రాకపోయేది. మంచంల ఉన్న సీతయ్యను చూసొచ్చి, "వాడు ఇగ లేచుడు కష్టమే బేగం, మన మాస్టర్ నయం" అని ధైర్యం చెప్పింది నేనే.

మూడు నెలలు తిరిగినయి. సీతయ్య కట్టె పట్టుకొని హోటల్ దాక పోయి చాయ తాగుతున్నడు. సగం సగం మాటలతోనే హోటలాయనను తిడుతున్నడు, చక్కెర తక్కువేసినవని. మన మాస్టరేమో మంచంల కూసున్నోడు కూసున్నట్టే ఉన్నడు.

చెయ్యి పని చేస్తది. చెంబు పడతడు, అన్నం కలుపుకుంటడు. కాళ్ళు నడుస్తయి, గని అడుగులు బురదల దిగబడ్డట్టు చిన్నచిన్నగ ఏస్తడు. ఏదన్న అడిగితే ఎంతసేపటికో జవాబొస్తది. గల్లీల మేకపిల్ల కుంటుతుంటే చూసి ఏడుస్తడు. మిషిను దిక్కు మటుకు చూడడు. ఇంట్ల ఎల్లేదొక్క మిషిను తోనే. సంతల జాగ కూడ అంతే, ఎక్కువ వారాలు కనపడకపోతే ఇంకొకడొచ్చి కూసుంటడు. ఇగ మాస్టర్ మళ్ళ కత్తెర పడతడా లేదా, బేగంకు పొద్దున లేస్తే అదే రంది, నాకు కూడ అదే.

"ఏం మాస్టరూ, ఎన్నిరోజులు ఈ నవాబుగిరి?" అని ఒకనాడు గట్టిగనే అన్న. "సీతయ్యను చూడు. సగం చచ్చి లేచినోడు చాయకు పోతున్నడు. నీకేమయింది? చేతులున్నయి, కాళ్ళున్నయి."

చాల సేపు నా దిక్కు చూసి, "కుడత అక్కా" అన్నడు. "ఎప్పుడు?" "కుడత."

"గదే మాట అక్కా," అన్నది బేగం. "పొద్దున కుడత అంటడు, పగటీలి కుడత అంటడు. అరుస్తె ఏడుస్తడు. నేనేం చెయ్యాలె చెప్పు."

సీతయ్య పెండ్లాం చెప్పింది, తన మొగనికి పావురం రక్తం రుద్దితేనే లేచిండని. నేను ఆ మాట పట్టుకొని బేగం ఎంబడి పడ్డ. "రక్తం ఒంటికి తగిల్తె నాపాక్ అక్కా, నమాజు ఎట్ల చేస్తడు?" అన్నదామె. "కడుక్కొని చేస్తడు. అల్లా ఏమన్న ఈయన రోగాన్ని చూస్తలేడా?" అని దబాయించి నేనే పావురాన్ని తెప్పిచ్చిన. పదిహేను రోజులు రుద్దినం. రుద్దినప్పుడల్ల పాపం ఆమె వేడినీళ్ళు పెట్టి తానం పోసేది. పావురాలు పోయినయి, సబ్బులు అరిగినయి, మాస్టర్ మంచం దిగలే.

దీపావళి ముందర భీమక్క వచ్చింది. సంతల మాస్టర్ కనపడ్తలేడని ఇల్లు యాడని అడుక్కుంట, జీపెక్కి ఇంటికే వచ్చింది. చంకల ఎర్రగుడ్డ. మనమరాలి పెండ్లట.

"ఏంది మాస్టరూ, మంచమెక్కి కూసున్నవ్? నాకు వేరేటోడు కుడితె చంకల కాడ కోసుకపోతది. నువ్వే కుట్టాలె."

ఆమెను చూసి ఆయన మొకంల కొంచెం వెలుగొచ్చింది. లేచిండు. బేగం ఉరికి కత్తెర, సబ్బుముక్క తెచ్చింది. నేను గిర్ని బందు పెట్టి వచ్చి నిలబడ్డ. గుడ్డ మడత పెట్టిండు, గీత గీసిండు. కుడిచెయ్యి వణకలే, కత్తెర మునుపటి లెక్కనే కరకరమన్నది. నా కండ్లల్ల నీళ్ళొచ్చినయి. వీపుముక్క కోసి పక్కన పెట్టిండు. మళ్ళ గీసిండు, మళ్ళ కోసిండు. బేగం నా చెయ్యి గట్టిగ పట్టుకున్నది. రెండోది కూడ వీపుముక్కనే. మూడోసారి గూడ అదే గీత మొదలువెట్టిండు.

"ముందరిది ఏది?" అన్నది బేగం, మెల్లగ.

ఆయన ముక్కల దిక్కు చూసిండు, కత్తెర దిక్కు చూసిండు. "ముందరిది," అన్నడు. భీమక్క కిందపడ్డ ముక్కలు ఏరి కొంగుల కట్టుకున్నది. తిడతదనుకున్న. తిట్టలే. "బాగయినంక మళ్ళొస్త" అని పోయింది. తిట్టకుంట పోయింది చూడు, అప్పుడు నాకు భయమైంది.

ఆ తెల్లారే మొదటి బస్సుకు ఖమ్మం పోయినం, నరాల డాక్టర్ దగ్గరికి. లోపలికి ముగ్గురం పోతే, "మీరు ఎవరమ్మా?" అని నన్నడిగిండు.

"పక్కింటిదాన్ని సార్."

"పక్కింటివాళ్ళు బయట కూర్చోండి."

"బయట కూసుంటె నాకు తెల్వదు కద సార్. ఇంటికి పోయినంక ఏ గోలి ఎప్పుడో చెప్పేది నేనే."

డాక్టరు నవ్వి ఊకున్నడు. మాస్టర్‌ను నడిపిచ్చి చూసిండు, చేతులు పట్టి చూసిండు. తర్వాత, "రవికె ఎలా కుడతావో మొదటి నుంచి చెప్పు" అన్నడు.

"గుడ్డ తడపాలె. ఆరబెట్టాలె. మడత..." అని ఆగిండు. బేగం దిక్కు చూసిండు. ఆమె పెదాలు కదులుతున్నయి, బడిల పక్కపిల్లకు అందిచ్చినట్టు. "మీరు చెప్పకండి" అన్నడు డాక్టరు.

స్కానింగ్ తీసిండ్రు. నల్లటి ఫిల్మును లైటు ముందర పెట్టి చూపిచ్చిండు. నడిమిట్ల చుట్టూత సున్నం చిలకరిచ్చినట్టు తెల్లగ మచ్చలు. "ఇదిగో, ఈ చిన్న చుక్క మొన్న వచ్చింది. మిగిలినవన్నీ పాతవి" అన్నడు.

"పాతవంటె? మాకు తెల్వకుంట ఇన్నిసార్లు వచ్చిందా సార్?"

"ఒక రకంగా అంతే. పడిపోయేంత పెద్దవి కావు కాబట్టి తెలియలేదు. మెదడు లోపల వెంట్రుకలాంటి రక్తనాళాలు ఉంటాయి. అవి ఏళ్ళ తరబడి పాడవుతూ వచ్చాయి. రెండు మూడేళ్ళుగా నడక నెమ్మదించలేదా? మరుపు, చిరాకు లేవా?"

ఉన్నయి. నిరుడు రంజానుకు పిల్లల అంగీలకు గుండీలు తప్పు కుట్టిండు. జీపు ఎక్కనీకి ఇద్దరు పట్టుకోవాల్సొచ్చేది. వయసని నవ్వుకున్నం. నవ్వినోళ్ళల్ల నేను ముందు.

"చుక్క చిన్నదైనప్పుడు జల్దీ లేవాలె కద సార్. సీతయ్యకు పెద్దదొచ్చింది, లేచి తిరుగుతున్నడు. పావురం రక్తం..."

"రక్తం సంగతి వదిలెయ్యమ్మా. మీది భద్రాచలం కదా? నిరుడు గోదావరి వచ్చినప్పుడు చర్ల రోడ్డు మునిగితే ఎలా వెళ్ళారు?"

"డొంకల పొంటి, చేన్ల పొంటి సుట్టు తిరిగి పోయినం."

"సీతయ్యను నేను చూడలేదు. కానీ కొందరికి పెద్ద రోడ్డు తెగినా డొంకదారులు బాగుంటాయి. మెదడు వాటి మీదుగా పని నడిపించుకుంటుంది. ఈయనకు తెగింది చిన్న రోడ్డే. కానీ డొంకదారులన్నీ ముందే కొట్టుకుపోయి ఉన్నాయి. చెయ్యి బాగానే ఉంది. ఏది ముందు, ఏది తర్వాత అనే కబురు చేతికి అందడానికి దారి లేదు. ఇది బద్ధకం కాదు."

దాన్ని నవాబుగిరి అన్నది నేనే.

డాక్టరు పాత కాయితాలు తిరగేసిండు. "దవాఖానాలో చేరిన రోజు బీపీ రెండు వందల పది. గోలీలు వాడలేదా?"

"అల్లా కసం సార్, ఎనిమిదేండ్ల సంది ఒక్కరోజు తప్పలే" అన్నది బేగం. "పొద్దున చాయతోని నా చేతులారా ఇస్త. మూత్రం ఎక్కువొచ్చే గోలి, తెల్లది."

డాక్టరు మాస్టర్ దిక్కు చూసిండు. మాస్టర్ తన చెప్పుల దిక్కు చూసుకున్నడు. "సక్రమంగా వాడితే ఇంత పాడవడం తక్కువ" అని మటుకు అన్నడు డాక్టరు. పోయిన దారులు మళ్ళ రావన్నడు. బీపీ పెరగనియ్యొద్దు, బీడీ బందు, రోజు నడిపియ్యాలె, తెలిసిన పని చిన్నచిన్న ముక్కలు చేసి చేపియ్యాలె. "మునుపటిలా అవుతాడా?" అని నేను నాలుగుసార్లు అడిగిన. నాలుగుసార్లు ఆయన "ఉన్నది నిలబెట్టుకుందాం" అన్నడు. గంత చదువుకున్న మనిషి అవ్ అనో కాదు అనో చెప్పడేందని బస్సుల వచ్చేదాక సణుక్కుంటనే ఉన్న.

చిన్న పనంటె ఏం చెప్పాలె? గుండీలు ఏరుడు తోని మొదలుపెడదామన్న. సంతసంచిల ఒక రేకుడబ్బా ఉంటది, ఆయన తప్ప ఎవరు ముట్టరు. బేగం తెచ్చి దుప్పటి మీద కుమ్మరిచ్చింది. నల్లవి, నీలంవి, తెల్లవి. నేను తెల్లగుండీలు ఒక దిక్కు జరుపుతున్న. ఒకటి చేతిల చిట్లిపోయింది. పొడి. కండ్లద్దాలు పెట్టుకొని చూస్తి. రంధ్రాల్లేవు. నడిమిట్ల గీత ఉన్నది.

ఒకటి కాదు. దోసెడు. కొన్ని పసుపెక్కినయి, కొన్ని గుండీలకు పిండి లెక్క అంటుకున్నయి.

బేగం ఒక గోలి తీసి వెలుగుకు పెట్టి చూసింది. నేనే అడిగిన. "మాస్టరూ, ఇవేంది?"

గిర్ని కాడ ముగ్గురు పిలిచి పోయిండ్రు. కదలలే నేను. కడకు చెప్పిండు, ఒక్కొక్క మాట తవ్వి తీసినట్టు.

"సంతరోజు ఏసుకుంటె... గంటకోసారి లేవాలె. యాడికి పోను అక్కా? సుట్టూత ఆడోళ్ళు. గుడ్డలు నా మీద ఇడిచి పోతరు. మిషిను ఇడిచి... ఎట్ల పోను."

వారంల ఐదు సంతలు. ఎనిమిదేండ్లు. ఆయన గోలి వేసుకున్నది శుక్రవారం, ఆదివారమే.

"మరి పారెయ్యకపోయినవ్?" అన్న, కోపం ఆగక.

"బేగం ఇచ్చింది కద" అన్నడు. "పారెయ్యబుద్ధి కాలే."

బేగం లేచి వంటింట్లకు పోయింది. లోపల గిన్నెలు దబదబ పడ్డయి. నాకు ఎవరి మీద అరవాలో తెల్వలే. ఈ గోలి మీకు సంతల ఇబ్బంది కాదా అని రాసిచ్చిన డాక్టర్ అడగలే. చేతుల పెట్టిన పెండ్లాం అడగలే. ఇంటింటి కూర అడిగే నేను, పొద్దంత స్టూలు దిగని మనిషిని ఒంటికి యాడికి పోతవ్ మాస్టరూ అని ఇరవై ఆరేండ్లల్ల అడగలే. ఆ ఒక్కటి అడిగుంటె ఈయన ఇంకో గోలి రాపిచ్చుకునెటోడు. లేకపోతే చాయ హోటల్ వెనక జాగ నేనే మాట్లాడి పెట్టేదాన్ని.

సంక్రాంతి దాటినంక చర్ల సంతకు పోయినం, ముగ్గురం. ఆయన జాగల గాజులామె గంపలు పెట్టుకొని ఉన్నది. నేను కొంగు నడుంకు చెక్కేటాల్లకు ఆమె అడగకుంటనే జరిగింది. బేగం ముందు గోలి ఇచ్చి, నోరు తెరిపిచ్చి చూసింది. హోటల్ వెనక తడక చాటుకు పోయొచ్చేటందుకు మాట్లాడొచ్చిన. నా పని జాగ కాచుడు.

భీమక్క వచ్చింది. ఈసారి పచ్చగుడ్డ. గుడ్డ చేతిల పెట్టి, ఎదురుంగ రాయి మీద కూసున్నది. "కొలువు" అన్నది. ఆయన భుజం కాడికెళ్ళి నడుం దాక చూసిండు. చూస్తనే ఉన్నడు. టేపు తీసుకొని కొలిచింది బేగమే.

"ఇప్పుడు వీపు గీత" అంటది బేగం. గీస్తడు. "ఇప్పుడు కొయ్యి." కోస్తడు. "అయింది. ఇగ ముందరిది." ఒక్కొక్క మాట నడుమ ఒక చాయ తాగి రావొచ్చు. జల్దీ అనే మాట నా నాలిక చివరిదాక వచ్చి, పండ్లు కరుచుకొని మింగిన. రెండుసార్లు లేచి తడక చాటుకు పోయొచ్చిండు. ఇంకో నలుగురు ఆడోళ్ళు గుడ్డలు పట్టుకొని నిలబడ్డరు. "ఎంతసేపమ్మా," "ఎండ నెత్తికొచ్చింది," "అటుపక్క ఇంకో టైలర్ ఉన్నడు కద." ఒకామె పోయింది. ఇంకొకామె కూడ పోయింది.

మాస్టర్ పోతున్నోళ్ళ దిక్కు చూసిండు. వీపు కోసుడు అయిపోయింది, ముందరిముక్క సగంల ఉన్నది. కత్తెర ఆపిండు. దాన్ని తిప్పి, పిడి బేగం దిక్కు పెట్టి చాపిండు.

"నువ్వు కొయ్యి."

ఆమె చేతులు ఎనకకు తీసుకున్నది. "నాకు రాదు."

"వస్తది" అన్నడు. ఈ మాటకు మటుకు ఆలస్యం కాలే.

"తీస్కోవే!" అని నేను అరిచిన. బేగం తీసుకున్నది. ముప్పై ఏండ్లు చూసిన చెయ్యి, మొదటి కోతకే గీత దాటి పోయింది. ఆయన ఆ గుడ్డ దిక్కు చూసి, "నడక మారింది" అన్నడు. కోపంగ అన్నడో, ఊకెనే అన్నడో, ఎంత చూసినా నాకు అందలే.

రవికె ఐదు దాటినంక అయింది. ఆఖరి జీపు వాడు హారన్ కొడుతనే ఉన్నడు. భీమక్క చెయ్యి దూర్చి చూసుకొని, "ఒక చెయ్యి బిగుతున్నది" అన్నది. "వచ్చే సంతకు ఇప్పి కుడత" అన్నది బేగం. "నిన్నెవరడిగిండ్రు, మాస్టర్‌ను చెప్పమను" అని భీమక్క ఆయన ముందర నిలబడ్డది. జీపు కదిలేటట్టున్నది. డ్రైవర్ తిడుతున్నడు. ఆయన నోరు తెరిచిండు. మేమందరం ఆయన నోటి దిక్కు చూసుకుంట నిలబడ్డం.

"బిగుతు... కాదు" అన్నడు చివరికి. "నువ్వే ఎక్కినవ్."

భీమక్క తిట్టుకుంట జీపు ఎనక ఉరికింది. బేగం కత్తెరను గుడ్డల చుట్టి తన సంచిల పెట్టుకున్నది. మాస్టర్ కింద కూసుని, భీమక్క కాలు తగిలి చిందిన గుండీలు ఒక్కొక్కటి ఏరి డబ్బాల ఏస్తున్నడు. ఆయన ఏరుడు అయ్యేటాల్లకు సంతల దీపాలు పెట్టిండ్రు.